ఆరో నెల రెండుసార్లు వచ్చిన ఏడు

చనిపోయినవాళ్ళు భోజనానికి వచ్చినప్పుడు, ఆ వంట ఎవరు చేశారో వాళ్ళకి తెలుస్తుందా?

పెళ్ళయి మీ థో అనే ఊళ్ళో అత్తవారింట కాలు పెట్టినప్పటినుంచీ ఈ సందేహం నన్ను వదల్లేదు. మా ఆయన తోవాన్ ఇంటికి పెద్ద కొడుకు. పెద్దల పీఠం మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆ వంశంలో పోయినవాళ్ళందరూ తద్దినానికి మా ఇంటికే వస్తారు. తాతగారు, నాయనమ్మగారు, మావయ్యగారు, పెళ్ళి కాకుండా పోయిన ఒక చిన్నాన్నగారు, ఇంకా ఎవరికీ సరిగ్గా చుట్టరికం తెలియని ఒక ముసలమ్మగారు. ఆవిడ గురించి మిగిలిన సమాచారమల్లా ఆవిడకి వేయించిన చేప ఇష్టమని. నెల తిరిగేసరికి ఎవరో ఒకరి రోజు వస్తుంది. నేను చీకటితో లేచి బాతుని శుభ్రం చేసి, మాంసం ఉడకేసి, కాకరకాయల్లో కూరిపెట్టి, పళ్ళాలన్నీ సర్దేసరికి మా ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, మూడు అగరవత్తులు వెలిగించి గొంతు సవరించుకుంటారు. "పెద్ద కొడుకుని తోవాన్ని. తమరి కోసం ఈ భోజనం సిద్ధం చేశాను. దయచేసి ఆరగించండి."

సిద్ధం చేశాను! మొదటి ఏడు ఆ మాట విని వంటింట్లో నవ్వాను. తర్వాత నవ్వు రావడం మానేసింది, సందేహం మాత్రం ఉండిపోయింది. బుద్ధుణ్ణి నమ్ముకున్నదాన్ని, పున్నమికీ అమావాస్యకీ మాంసం ముట్టనిదాన్ని, పేరు కోసం వండను. అయినా అనిపించేది. ఆ ముసలమ్మగారు చేప తింటూ, అబ్బాయి ఎంత బాగా వేయించాడో అనుకుంటుంటే నేనెలా చెప్పను?

ఒకసారి గుళ్ళో పెద్ద సన్యాసినమ్మని అడిగేశాను. ఆవిడ కూర తరుగుతూ తలెత్తకుండానే, "కూరలో ఉప్పు ఎక్కువైతే మీ ఆయన ఎవరి పేరు చెబుతాడు?" అన్నారు.

"నా పేరేనమ్మా."

"అయితే ఆ రోజు తెలుస్తుందిలే," అన్నారు.

మా ఆయన రేవులో టిక్కెట్ల గుమాస్తాగా రిటైరయ్యాక, పొద్దున్నే కాఫీ కొట్టు దగ్గర కూర్చుని ఫోన్లో కుర్రకారు ప్రయాణాల వీడియోలు చూడటం మొదలుపెట్టారు. వీపున సంచి తగిలించుకుని, దొరికిన బస్సెక్కి, చౌక లాడ్జీల్లో పడుకుంటూ, సముద్రం వెంబడి ఊరూరా తిరిగే జంటలు. మా అమ్మాయి థామ్ ఒక ఆదివారం వచ్చి నా చేతుల వైపు చూసి, "నాన్నా, అమ్మని ఒక్కసారి ఎక్కడికైనా తీసుకెళ్ళు. విశ్రాంతి తీసుకుంటుంది," అంది. అంతే. మర్నాటికి కాఫీ కొట్టులో అందరికీ తెలిసిపోయింది. "న్యాన్‌కి విశ్రాంతి కావాలి. ముయ్ నే నుంచి క్వీ న్యోన్ దాకా సముద్రమంతా చూపించేస్తాను. అతి చవగ్గా. ఎలా చేస్తానో చూడండి."

న్యాన్ అంటే మా భాషలో తీరిక. మా నాన్న ముచ్చటపడి పెట్టుకున్న పేరు. పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు అర్థాన్ని అక్కడే మర్చిపోయి పేరొక్కటే తెచ్చుకున్నట్టున్నాను.

రెండు వీపు సంచులు కొన్నారు. ఆయన సంచిలో మడత కుర్చీ, గాలం, అంచులు వెడల్పుగా ఉన్న టోపీ, వీడియోలు తియ్యడానికి ఫోన్ స్టాండు. నా సంచిలో చిన్న రైస్ కుక్కర్, బియ్యం, ఎండు చేపలు, చేపల సాసు సీసా, బట్టల సబ్బు, తాడు, ఇద్దరి వాన కోట్లు, ఇద్దరి మందులు, ఇద్దరి బట్టలు. బయల్దేరేముందు ఆయన రెండు సంచులూ ఎత్తి చూసి, "నీది కాస్త బరువుగా ఉందోయ్. ఆడవాళ్ళకి ఏం అవసరమో ఏం అక్కర్లేదో తెలీదు," అన్నారు.

బయల్దేరే ముందే తేదీ గొడవ వచ్చింది. ఈ ఏడు అధిక మాసం. ఆరో నెల రెండుసార్లు వచ్చింది. మా అత్తయ్య పోయింది ఆరో నెల పన్నెండున. తద్దినం మొదటి ఆరో నెలలో పెట్టాలా, రెండో దాంట్లోనా? నేను సన్యాసినమ్మని అడిగి వచ్చి చెప్పాను. "మొదటి నెలలోనేనటండీ. మనం అప్పటికి ప్రయాణంలో ఉంటాం. రెండు వారాలు ఆగి వెళ్దాం."

"రెండోదే అసలు నెల. మొదటిది ఉత్తదే, అదనంగా వచ్చింది."

"అదనంగా వచ్చేది రెండోది కదండీ?"

"పెద్దవాళ్ళ తేదీలు పెద్ద కొడుకు చూసుకుంటాడు. నువ్వు సామాను చూసుకో," అన్నారు.

సామాను చూసుకున్నాను. వాన కోట్ల మధ్యలో అత్తయ్య చిన్న ఫోటో ఒకటి, అగరవత్తుల కట్ట ఒకటి పెట్టుకున్నాను. ఎందుకైనా మంచిది.

ఫోటో పెడుతుంటే ఆవిడ బాకీ గుర్తొచ్చింది.

మా అత్తయ్య సులువైన మనిషి కాదు. నా మొదటి వంట చూసి, "ఇది పెడితే బాతులు కూడా ఒక నిమిషం ఆలోచిస్తాయి," అన్న మనిషి. థామ్ కడుపులో ఉన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చింది. అత్తయ్య కొడుకుని పిలిచి, "వెళ్ళి నీ పెళ్ళానికి గిన్నెడు జావ కాచి పట్రా," అన్నారు. ఆయన వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. ఇంకాసేపటికి సైకిల్ చప్పుడు దూరమైంది. స్నేహితుడి ఇంట్లో పనుందని గుర్తొచ్చిందట. అత్తయ్య ఆ మాడిన గిన్నె నా మంచం పక్కనే కూర్చుని ఇసకేసి తోమారు. చివరికి, "అమ్మాయ్, వాడికి నేను నేర్పలేదు. ఏనాడూ వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఇది నా తప్పు. వాడి చేత నీకు ఒక గిన్నె జావ పెట్టించే బాకీ నాది. తీర్చకుండా పోనులే," అన్నారు. తర్వాత జావ తనే కాచి పెట్టారు. బాగుంది కూడా. కానీ అది లెక్కలోకి రాదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత కూరలో వంక పెట్టిన రోజుల్లో కూడా, గిన్నె నా చేతికిస్తూ, "నీ బాకీ గుర్తుందిలే," అనేవారు. తీర్చకుండానే వెళ్ళిపోయారు. నేనూ అడగలేదు. పోయినవాళ్ళని బాకీ అడిగే ఆచారం మాలో లేదు.

ముయ్ నేలో సముద్రం బాగుందని అందరూ అన్నారు. నాకు లాడ్జి వెనక కుళాయి బాగా తెలుసు. ఆయన కుర్చీ వేసుకుని గాలం పట్టుకుని కూర్చున్నారు. నేను ఇసక పట్టిన బట్టలు ఉతికాను. అదే కుళాయి దగ్గర ఒక తెల్ల కుర్రాడు, ఎక్కణ్ణుంచి వచ్చాడో గానీ, తన చొక్కాలతోపాటు తనతో వచ్చిన అమ్మాయి గౌను కూడా ఉతికి, నా తాడు మీదే ఆరేసుకుంటానని సైగ చేశాడు. అమ్మాయి ఉయ్యాల్లో పడుకుని పుస్తకం చదువుకుంటోంది. మా ఆయన అది చూసి నా చెవిలో, "పాపం, కుర్రాడికి ఏదో లోపం ఉన్నట్టుంది," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి ఎంతో ప్రేమగా, "నిదానంగా ఉతుకు. తొందరేం లేదు. విశ్రాంతికేగా వచ్చాం," అన్నారు.

ఫాన్ రాంగ్‌లో లాడ్జివాళ్ళు గదిలో వండకూడదని గోడమీద రాసిపెట్టారు. బయట తింటే చవక ప్రయాణం ఎలా అవుతుంది? స్నానాల గదిలో పీట మీద కుక్కర్ పెట్టి, వాసన బయటికి పోకుండా తడి తువ్వాలు కప్పి, దాని పక్కన నేను కాపలా కూర్చున్నాను. బయట ఊరంతా ద్రాక్ష తోటలట. ఆయన వీడియోలో చూశాను. అందులో ఆయన ద్రాక్ష గుత్తి పట్టుకుని, "ఇదండీ స్వేచ్ఛ," అంటున్నారు. కాఫీ కొట్టు స్నేహితులకి రోజూ ఒకటి పంపేవారు. ఇంత తక్కువలో ఎలా తిరుగుతున్నావురా అని వాళ్ళు అడిగితే, "ప్లానింగు," అని జవాబిచ్చేవారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన మిగిల్చిన ప్రతి డాంగు కాసూ నా చేతుల్లోంచి వస్తోందని. కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ఆశ్చర్యం వేసింది. ఇల్లంటే వంటిల్లని, ఇల్లు దాటితే తీరిక దొరుకుతుందని అనుకున్నాను. వంటింటిని వీపున మోసుకు తిరగొచ్చని నాకు ముందు తోచలేదు.

ఆ సాయంత్రం కుక్కర్ పక్కన కూర్చుని కరుణామయి క్వాన్ ఆమ్ తల్లికి దణ్ణం పెట్టుకున్నాను. పెద్ద కోరికలేం లేవమ్మా, ఈ ప్రయాణంలో ఒక్క పూట నా చేతులు ఖాళీగా ఉండాలి, అంతే అన్నాను.

క్వీ న్యోన్ దగ్గర ఒక జాలరిపల్లెలో దిగాం. సెన్ అనే ఆవిడ తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తుంది. పక్కన రేకుల కింద వంటిల్లు, బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి. ముందు ఇసక, గుండ్రటి బుట్ట పడవలు, సముద్రం. రెండో రోజు పొద్దున్న నిద్ర లేస్తూనే నాకు తెలుసు, ఇవాళ పన్నెండు. మొదటి ఆరో నెల పన్నెండు. చెప్పనా వద్దా అనుకున్నాను. చెబితే వండాల్సింది నేను. చెప్పకపోతే అత్తయ్య పస్తు. ఫోటో బయటికి తీసి కిటికీ దగ్గర పెట్టాను. ఆవిడ ఎప్పటిలాగే, కూరలో ఏదో తక్కువైందన్నట్టు చూస్తున్నారు.

అంతలో ఇసక మీంచి మా ఆయన కేక వినిపించింది. పరిగెత్తాను.

ఫోన్లో వీడియో కాల్. ఆయన చెల్లెలు యెన్. వెనకాల మా ఇంటి గేటు. గేటుకి మేం వేసి వచ్చిన తాళం. తాళం ముందు చుట్టాలందరూ పండక్కి వచ్చినట్టు ముస్తాబై నిలబడ్డారు. మాలో చుట్టాల్ని పుట్టిన వరస అంకెతో పిలుస్తాం; అత్తయ్య తమ్ముడు ఏడో మావయ్య చేతిలో పళ్ళ బుట్ట. అత్తయ్య చెల్లెలు ఎనిమిదో పిన్ని చంకలో బతికున్న బాతు.

"అన్నయ్యా, ఎంతసేపు తలుపు కొట్టాలి? ఇంట్లో ఏం చేస్తున్నావ్?" అంది యెన్. తర్వాత కళ్ళు చిట్లించింది. "నీ వెనకాల అదేంటది? సముద్రమా?"

మా ఆయన వెనక్కి తిరిగి, సముద్రం ఎప్పుడొచ్చిందో తనకీ తెలియనట్టు చూశారు.

ఏడో మావయ్య ఫోన్ లాక్కున్నారు. "ఒరేయ్ తోవాన్! ఇవాళ మా అక్క తద్దినంరా! పొద్దున్న నుంచీ ఏమీ తినకుండా వచ్చాం! నువ్వు చెడ్డీ వేసుకుని అక్కడ ఏం చేస్తున్నావ్?"

బాతు కూడా ఏదో అంది.

మా ఆయన ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు. ముఖం ఉడకబెట్టిన రొయ్యలా ఉంది. "గబగబా ఏదో ఒకటి వండెయ్. ఆ సెన్ వంటింట్లో. నేను స్నానం చేసి అగరవత్తులు వెలిగిస్తాను. వాళ్ళతో నువ్వే తేదీ తప్పు చెప్పావంటాను. ఆడదానివి కదా, ఏమీ అనుకోరు."

సన్యాసినమ్మ మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ వంటలో ఒక్కసారీ వినపడని నా పేరు, ఇవాళ వినపడబోతోంది. బంధువులందరి ముందు. బాతు ముందు.

అత్తయ్య పస్తు ఉండకూడదు. అందులో నాకు సందేహం లేదు. కానీ అత్తయ్యకి అన్నం పెట్టడానికి నా చేతులే కావాలని ఏ సూత్రంలో ఉంది? ఆయనకీ రెండున్నాయి. ఉదయం నుంచీ గాలం పట్టుకున్నాయి, చేప పడలేదు.

"ఫోన్ ఇటివ్వండి," అన్నాను.

హమ్మయ్య అని ఇచ్చేశారు.

"మావయ్యగారూ, పిన్నీ, నమస్కారం. మీకు ముందే చెప్పాల్సింది. ఈయనే ఎవరికీ చెప్పొద్దన్నారు," అన్నాను. "ఈ ఏడు అత్తయ్యకి ఈయన తన చేతుల్తో వండి పెడతానని మొక్కుకున్నారు. ఇంట్లో అయితే నేను చెయ్యి పెట్టకుండా ఉండలేనని, ఇంత దూరం తీసుకొచ్చారు."

అవతల అందరూ ఫోన్ మీదికి వంగారు. బాతు కూడా మెడ చాచింది.

"తోవానా? వంటా?" అన్నారు ఏడో మావయ్య.

"అవునండీ. నన్ను పొయ్యి ముట్టుకోనివ్వనంటున్నారు."

ఎనిమిదో పిన్ని బాతుని ఇంకో చంకలోకి మార్చుకుని, కళ్ళు తుడుచుకున్నారు. "మా అక్క ఎంత పుణ్యం చేసుకుందో! ఈ కాలంలో ఏ కొడుకు చేస్తాడే ఇలా! నాకూ ఉన్నారు ముగ్గురు, ఒక్కడు గుడ్డు ఉడకబెట్టి ఎరగడు!"

"చూపించు వదినా, మేమంతా చూస్తాం! మా ఇంటికి పోయి పెద్ద టీవీలో పెట్టుకుంటాం!" అంది యెన్.

నా పక్కన మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డారు. పొగడ్త అందిన మనిషి వద్దనడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొంతలోనే ఏడో మావయ్య, "మగాడివిరా! నీ మీద అనవసరంగా అరిచాను," అనేశారు. ఇంక దారి లేదు.

అబద్ధమాడకూడదని వ్రతం పట్టినదాన్ని. అది మర్చిపోలేదు. కానీ మధ్యాహ్నానికి నిజమైపోయే మాట అబద్ధమవుతుందా? గుళ్ళో అడగాల్సిన ప్రశ్నల్లో ఇది కూడా చేర్చుకున్నాను.

"నాకు వంట రాదు కదా!" అన్నారు ఆయన, ఫోన్ పెట్టేశాక.

"మీకు చేపలు పట్టడమూ రాదు. అయినా గాలం తెచ్చుకున్నారు కదండీ," అన్నాను.

బజారుకెళ్ళి పంది మాంసం, గుడ్లు, కాకరకాయలు తెచ్చారు. సెన్ సంగతంతా విని, వంటింట్లో ఆయన మడత కుర్చీ తనే తెచ్చి వేసి, నన్ను అందులో కుదేసింది. ఫోన్ స్టాండు బియ్యం డబ్బా మీద పెట్టాం. అందులో యెన్ ఇంటి హాలు నిండా చుట్టాలు.

వాళ్ళందరికీ సలహాలున్నాయి.

"ముందు పంచదార మాడ్చు, రంగొస్తుంది!"

"మాడ్చడం కాదు పిన్నీ, వేయించడం! అన్నయ్యా, సన్నసెగ మీద!"

"కొబ్బరి నీళ్ళు పొయ్యి!"

"మా అక్క కొబ్బరి నీళ్ళు పొయ్యదు, ఉత్త నీళ్ళే!"

"పోస్తుంది!"

"నా అక్కో నీ అక్కో?"

"నాకూ అక్కే, అన్నయ్యా!"

వాళ్ళు ఆ సంగతి తేల్చుకునేలోపు పంచదార అంటుకుంది. సెన్ మూకుడు మీద మూత పడేసి, "బావగారూ, పంచదార ఎర్రబడితే చాలు, తగలబడక్కర్లేదు," అంది. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. గుడ్లు ఒలిస్తే తెల్లసొన సగం పెంకుతో పోయింది, పసుపు చందమామలు మిగిలాయి. కాకరకాయలో మాంసం కూరుతుంటే అది అవతలి కొసలోంచి బయటికొచ్చి చూసింది. కళ్ళల్లో పొగ. చేతి మీద నూనె చుక్క పడి, "అమ్మా!" అన్నారు. టీవీ ముందు అందరూ, "అమ్మని తల్చుకుంటున్నాడు పాపం," అన్నారు.

నా సంగతి చెప్పాలి. ఆయన పడిన కష్టం ఒకటైతే నేను కూర్చోడానికి పడిన కష్టం ఇంకొకటి. గరిటె చప్పుడు వినపడినప్పుడల్లా నా మోకాళ్ళు వాటంతట అవే లేచేవి. పొంగు వస్తుంటే నా చెయ్యి గాల్లో మూత తీసేది. ఒకసారి నిజంగానే లేచాను. సెన్ భుజం పట్టి కూలేసింది. "కూర్చో అక్కా. కూర్చోవడం కూడా పనే. నేర్చుకోవాలి. మా ఆయన పోయాక నేనూ కష్టపడి నేర్చుకున్నా." చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియని రెండు కొత్త వస్తువుల్లా ఉన్నాయవి. ముందు సముద్రం కనిపించింది. బయల్దేరాక అదే మొదటిసారి దాన్ని నింపాదిగా చూడటం. ఒకే పని చేస్తూ ఉంటుంది, పాపం. ఆ పని చూపించి ఎవరూ సిద్ధం చేశాననరు.

బియ్యం కడిగి గిన్నెలో పోసి ఆయన నా వైపు చూశారు. "నీళ్ళెంత?"

"బియ్యం పైన వేలు ఆనించి, ఒక కణుపు దాకా," అన్నాను. మా అమ్మ నాకు చెప్పినట్టే.

ఆయన వేలు పెట్టారు. ఒక కణుపు దగ్గరే ఆపారో, పెద్ద వంట కదా అని మూడు కణుపులూ లెక్కేశారో తెలీదు. నేను సముద్రం చూస్తున్నాను.

పళ్ళాలు సర్దాక సమస్య వచ్చింది. యెన్ ఇంట్లోంచి ఏడో మావయ్య అడిగారు. "ఇంక వెలిగించరా తోవాన్. పిలువు."

మా ఆయన చేతులు చూసుకున్నారు. మోచేతుల దాకా మసి. చొక్కా మీద గుడ్డు. పొయ్యి మీద మిగిలిన మాంసం ఇంకా అడుగంటుతోంది, కలుపుతూ ఉండాలి.

"వండేవాళ్ళు వంటింట్లోనే ఉండాలి కదండీ మావయ్యగారూ," అన్నాను. "మన ఇంట్లో పద్ధతి అదే కదా. పిలుపు నేను చెబుతాను."

ఎవరూ కాదనలేదు.

ముఖం కడుక్కుని, ఉతికిన జాకెట్టు వేసుకుని, ఫోన్ స్టాండు పట్టుకుని ఇసక మీదికి వచ్చాను. బుట్ట పడవ బోర్లించి దాని మీద పలక వేసి, అత్తయ్య ఫోటో పెట్టి, గ్లాసులో ఇసక పోసి మూడు వత్తులు గుచ్చాను. గాలికి ఒకటి ఆరితే మళ్ళీ వెలిగించాను. గొంతు సవరించుకున్నాను. ఇన్నేళ్ళు గోడ అవతల నుంచి విన్న మాటలు, నోటికి వచ్చు. కానీ మొదలుపెట్టగానే వేరే మాటలు వచ్చాయి.

"అత్తయ్యా, నేను మీ కోడల్ని, న్యాన్ని. ఇన్నేళ్ళూ మీ ఇంట్లో వండిందాన్ని. మీకు తెలుసో తెలీదో. ఇవాళ్టి భోజనం నేను చెయ్యలేదు. మీ అబ్బాయి తోవాన్ చేశారు. కాకరకాయ చూసి భయపడకండి. కోపం తెచ్చుకోకుండా, వచ్చి తినండి. మావయ్యగార్నీ, చేప ఇష్టమైన ఆవిడనీ కూడా వెంటబెట్టుకు రండి. ఇవాళ చేప లేదని ముందే చెప్పండి."

టీవీ ముందు ఎనిమిదో పిన్ని ఏడుస్తున్నారు. వెనక వంటింట్లోంచి గిన్నె గీకుతున్న చప్పుడు వినిపించింది. పిలుపు చెబుతుంటే వెనక ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. చాలా పెద్దగా ఉంటుంది. ఇన్నేళ్ళు ఆయనకి ఎలా వినపడలేదో!

అగరవత్తులు సగం కాలకుండానే ఫోన్ ఛార్జింగు అయిపోయింది. చుట్టాలు, బాతు, పొగడ్తలు అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. సెన్ తన పనికి వెళ్ళింది. సముద్రం చప్పుడు మిగిలింది.

మా ఆయన వచ్చి ఇసకలో కూలబడ్డారు. చాలాసేపు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత అటెటో చూస్తూ, "ప్రతిసారీ ఇదంతా నువ్వొక్కదానివే చేస్తావా?" అన్నారు.

"లేదండీ. ప్రతిసారీ మీరే చేస్తారు. అగరవత్తుల దగ్గర చెబుతారు కదా," అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వత్తులు కాలిపోయాయి. అత్తయ్య తినడం అయిపోయిందన్నమాట. మా ఇంట్లో అయితే ఇప్పుడు మగవాళ్ళు ముందరి అరుగు మీద కూర్చుంటారు. నేను చివర్లో, వంటింట్లో నిలబడి, బాతు మెడ తింటాను. అలవాటు కొద్దీ లేచాను, ఆయనకి వడ్డించడానికి.

"కూర్చో," అన్నారు.

కుర్చీలో కూర్చున్నాను. ఆయన అన్నం గిన్నె మూత తీసి, లోపలికి చూసి, గరిటె పెట్టి ఎత్తారు. అన్నం గరిటె మీద నిలవలేదు. జారింది. ఇంకోసారి ఎత్తారు. మళ్ళీ జారింది. ముఖం వాడిపోయింది.

"ఎవరూ చూడట్లేదులే," అన్నారు తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తర్వాత ఒక గిన్నె తీసుకుని, నిండా పోసి, పైన ఒక పసుపు చందమామ పెట్టి, రెండు చేతుల్తో తెచ్చి నాకిచ్చారు. ఇన్నేళ్ళలో మొదటి గిన్నె నాకు రావడం అదే మొదటిసారి. వడ్డించింది ఆయన కావడమూ అదే మొదటిసారి.

"అన్నం కాలేదోయ్," అన్నారు. "జావైపోయింది."

గిన్నె వేడిగా ఉంది. చిన్న ముద్ద ఒకటి నోట్లో పెట్టుకున్నాను. అడుగు మాడిన వాసన. ఉప్పు వెయ్యలేదు. ఎక్కడో కాస్త ఇసక కూడా ఉంది. ఇది ఎవరు వండారో ఎవరూ చెప్పక్కర్లేదు, బతికున్నవాళ్ళకైనా పోయినవాళ్ళకైనా.

"ఎలా ఉంది?" అన్నారు, చాలా భయంగా.

నేను ఆయన వైపు చూడలేదు. బుట్ట పడవ మీది ఫోటో వైపు చూశాను. గిన్నె కొంచెం పైకెత్తి చూపించాను.

"అత్తయ్యా," అన్నాను, "ముట్టింది."